గచ్చు క్రింది నేల

ప్రత్తికిని మిరపకును తల్లివంటి నల్లరేగడి, ఇంటికి మాత్రము సవతితల్లి. వానకు పొంగును, వేసవిలో నెఱ్ఱెలు విచ్చును. తుళ్లూరు ప్రాంతపు మెట్టపొలములు చూచినవారికి ఈ సంగతి వేఱుగ చెప్పనక్కఱలేదు. అట్టి మన్నుపై చక్కని నేలను నిలుపుటకు మన పెద్దలు పడిన పాటు నేటి గృహస్థులకును ఉపకరించునని తలంచి, ఆ సంగతులను ఇచట ముచ్చటింతుము.

మట్టియిండ్లలో ముందుగా గట్టిమన్ను పోసి, నీరు చల్లి, దిమ్మిసతో కొట్టెడివారు. పిదప పేడతో అలికెడివారు. అలుకు ఆరిన తరువాతనే ముగ్గు. ఇల్లలుకుచు తన పేరు మఱచిన ఈగ కథ మన పిల్లలకు తెలిసినదే. ఆ పనికి ఎంత ఏకాగ్రత వలయునో ఆ కథలోనే యున్నది.

కలిగినవారి లోగిళ్లలో సున్నపు గచ్చు వెలసినది. ఈ సీమకు సున్నపురాయి క్రొత్త కాదు. 1797లో కాలిన్ మెకంజీ దర్శించిన అమరావతి స్తూపపు శిల్పఫలకములు పలనాటి సున్నపురాతివే. అట్టి రాతిని కాల్చిన సున్నము వచ్చును. సున్నమును ఇసుకతో గానుగలో ఆడించి, కరక్కాయ నీరును బెల్లపు నీరును చేర్చి, ఇటుకముక్కల పఱపుపై పోసి, దినముల తరబడి కొట్టించెడివారు. నునుపురాతితో మెఱుగుపెట్టుట చిట్టచివరి పని. మెఱుగు పైన కనబడును. బలము క్రింద దాగియుండును.

1824లో ఇంగ్లండున జోసెఫ్ ఆస్ప్‌డిన్ పోర్టులాండు సిమెంటునకు పేటెంటు పొందెను. అది మన ఊళ్లకు చేరిన పిమ్మట పని సులువైనది. ఎఱ్ఱగచ్చు ఇంటింటి ముచ్చటయైనది. సులువుతోపాటు తొందరయు వచ్చినది. 2015 అక్టోబరు 22న తుళ్లూరు మండలమందలి ఉద్దండరాయునిపాలెమున రాజధానికి శంకుస్థాపన జరిగినది. క్రొత్త కట్టడములు లేచుచోట ఈ తొందర మఱింత ప్రమాదకరము.

నేడు సిమెంటు నేలపై పలుచని రంగుల పూత వేయించుచున్నారు. క్రొత్త కాంక్రీటును 28 దినములైనను ముదురనీయవలెను. నూనె మరకలు, మైనము తొలగింపవలెను. నీరు ఎక్కువైనప్పుడు పైకి తేలిన పాలపొర బలహీనము. దానిని అఱగదీసి నేలను గరుకు చేయవలెను. ఒక నీటిబొట్టు వేసి చూడుడు: ఇంకినచో నేల పూతను పట్టును; ముత్యమువలె నిలిచినచో పట్టదు. రాత్రి ఒక ప్లాస్టిక్కు గుడ్డను అంచులంటించి పఱచి, ఉదయమున ఎత్తి చూడుడు. అడుగున చెమ్మ కనబడినచో పని ఆపవలసినదే. రేగడితో కదలు బీటను పై పూత కప్పజాలదు. పునాది పఱపునే సరిచేయవలెను. ఇవి తీరిన పిమ్మటనే దుమ్ము తుడిచి ప్రైమరు, పూత, చివరకు రక్షణపొర వేయవలెను.

ఈ వరుస తప్పినచో పూత పెచ్చులుగా లేచును. గృహస్థు కూడబెట్టిన సొమ్ము ఊడ్పులో పోవును. నింద పూతపై పడును. తప్పు దాని క్రిందిది. ముగ్గు పెట్టు ఇల్లాలు అలుకు ఆరినదా యని ముందు అరచేత తాకి చూచును. పూత వేయించు యజమానికి అంతకు మించిన గురువు లేదు.