ఒకే బొమ్మ, పలు భాషలు: పారిశ్రామికుడిగా బి. నాగిరెడ్డి

బొమ్మిరెడ్డి నాగిరెడ్డి 1912 డిసెంబరు 2న కడప జిల్లా పొట్టిపాడులో పుట్టారు. 2004 ఫిబ్రవరి 25న చెన్నైలో కన్నుమూశారు. ఆయన జయంతికీ వర్ధంతికీ వెలువడే వ్యాసాలన్నీ ‘పాతాళభైరవి’, ‘మాయాబజార్’ల చుట్టూనే తిరుగుతాయి. అన్న బి.ఎన్. రెడ్డికి 1974కు గాను దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారం దక్కింది, తమ్ముడికి 1986కు గాను దక్కింది. ఒకే ఇంటికి రెండు ఫాల్కేలు రావడం కడపవాళ్లు గర్వంగా చెప్పుకోదగ్గ మాటే. అయితే ఈ స్మరణలో నాగిరెడ్డి చేసిన అసలు పని మరుగున పడిపోతోంది. ఆయన దర్శకుడు కాడు, రచయిత కాడు. అచ్చాఫీసు, పత్రిక, స్టూడియో, ఆసుపత్రి నిర్మించి నడిపిన పారిశ్రామికుడు. అచ్చులోనూ సినిమాలోనూ ఆయన అనుసరించిన ఉత్పత్తి పద్ధతి ఒక్కటేనని చూపడం ఈ వ్యాసం ఉద్దేశం.

ముందుగా పెట్టుబడి ఎక్కణ్ణుంచి వచ్చిందో చూడాలి. బొమ్మిరెడ్డి కుటుంబం మద్రాసు చేరింది సినిమా కోసం కాదు, ఉల్లి ఎగుమతి వ్యాపారం కోసం. కడప జిల్లా ఎర్రగడ్డకు ఆనాటి నుంచీ సముద్రం అవతల గిరాకీ ఉంది. కృష్ణాపురం ఉల్లి పేరు సింగపూర్, మలేసియా వర్తకులకు ఇప్పటికీ తెలుసు. మద్రాసు నుంచి కడప, ముద్దనూరు, తాడిపత్రి, గుత్తి, ఆదోని మీదుగా వెళ్లే రైలు మార్గం 1871కే రాయచూరు దాకా పూర్తయింది. సీమ సరుకు ఆ దారినే రేవుకు చేరింది, సీమ మనుషులూ ఆ దారినే వెళ్లారు. 1942 మార్చిలో రంగూన్ జపాన్ సైన్యానికి చిక్కడంతో బర్మా వర్తకం కుప్పకూలింది. రేవు వ్యాపారాన్ని నమ్ముకున్న కుటుంబాలు వేరే దారి వెతుక్కోవలసి వచ్చింది. బొమ్మిరెడ్డివారికి అప్పటికే బి.ఎన్.కె. ప్రెస్ ఉంది.

ఈ రైలు మార్గాన్ని ఇంత వివరంగా చెప్పడానికి కారణం ఉంది. వాహినీ చిత్రసంస్థకు డబ్బు పెట్టిన మూలా నారాయణస్వామిది తాడిపత్రి. ‘భక్త పోతన’, ‘యోగి వేమన’ తీసిన కె.వి. రెడ్డిదీ ఆ ప్రాంతమే. పులివెందుల తాలూకా కొత్తపల్లిలో పుట్టిన బి.ఎన్. రెడ్డి వీళ్లతో కలిశారు. తెలుగు సినిమా చరిత్రను కృష్ణా, గోదావరి డెల్టాల మిగులు ధనంతో ముడిపెట్టి చెప్పడం మనకు అలవాటైంది. వాహినీ విషయంలో ఆ లెక్క చెల్లదు. కరువు సీమ వర్తకం నుంచి, ఆ వర్తకం ఏర్పరచిన పరిచయాల నుంచి పుట్టిన సంస్థ అది.

నాగిరెడ్డి ప్రత్యేకత ప్రెస్ దగ్గర మొదలవుతుంది. అచ్చుయంత్రం ఖరీదైనది. పని దొరికిన రోజే తిరిగి, దొరకని రోజు ఊరుకుంటే నష్టం. సొంత పత్రిక ఉంటే యంత్రానికి నెలనెలా పని ఖాయం. 1945లో ‘ఆంధ్రజ్యోతి’ మాసపత్రిక, 1947 జూలైలో ‘చందమామ’ వచ్చాయి. వీటికి తోడు నిలిచినవాడు తెనాలి మనిషి చక్రపాణి, అసలు పేరు ఆలూరి వెంకట సుబ్బారావు. క్షయకు చికిత్స కోసం మదనపల్లె శానిటోరియంలో ఉన్న రోజుల్లో బెంగాలీ నేర్చుకుని శరత్ నవలలను తెలుగు చేసినవాడాయన. అంటే ఈ జంటలో డెల్టా మనిషి సాహిత్య జీవితానికి కూడా సీమలో ఒక మజిలీ ఉంది.

‘చందమామ’ను పిల్లల పత్రికగా అందరూ మెచ్చుకుంటారు. ఉత్పత్తి కోణం నుంచి చూస్తే అది ఇంకా ఆశ్చర్యం కలిగిస్తుంది. మొదటి నుంచీ తెలుగుతో పాటు తమిళంలో ‘అంబులిమామ’ వచ్చింది. తర్వాత కన్నడం, హిందీ, మరాఠీ, మలయాళం, గుజరాతీ, ఒరియా వచ్చి చేరాయి. పత్రికలో బాగా ఖర్చయ్యేది బొమ్మలకు. వడ్డాది పాపయ్య ముఖచిత్రం, చిత్రా, శంకర్ వేసిన కథల బొమ్మలు అన్ని భాషలకూ ఉమ్మడి, భాషకో రకంగా మారేది అక్షరమే. కొడవటిగంటి కుటుంబరావు వంటి సంపాదకుడు తెలుగులో తీర్చిదిద్దిన కథ మిగతా భాషల్లోకి వెళ్లేది. ఒక్క తెలుగు పాఠకుల చందా మీద ఆ స్థాయి చిత్రకారులను జీతాలిచ్చి పోషించడం సాధ్యమయ్యేది కాదు. బేతాళ కథల బొమ్మ నాసిక్‌లోని పిల్లవాడికీ నంద్యాలలోని పిల్లవాడికీ ఒకటే కావడం వెనక ఈ లెక్క ఉంది.

ఇప్పుడు స్టూడియో సంగతి. ‘షావుకారు’ (1950)తో నాగిరెడ్డి, చక్రపాణిల చిత్రనిర్మాణ సంస్థ విజయా మొదలైంది. వాహినీ స్టూడియో నాగిరెడ్డి నిర్వహణలోకి, క్రమంగా యాజమాన్యంలోకి వచ్చి విజయా-వాహినీ అయింది. ‘పాతాళభైరవి’ (1951) నుంచి చూడండి. ఆ సినిమా తెలుగు, తమిళాల్లో వచ్చింది. ‘పెళ్లిచేసి చూడు’, ‘చంద్రహారం’, ‘మిస్సమ్మ’, ‘మాయాబజార్’, ‘గుండమ్మ కథ’ అన్నిటికీ తమిళ జంట ఉంది. గోఖలే, కళాధర్‌ల సెట్టు, మార్కస్ బార్‌ట్లీ కెమెరా ఉమ్మడి. సంభాషణ, పాట, అవసరమైన చోట నటులు మాత్రం మారతారు. ‘చందమామ’లో బొమ్మకున్న స్థానమే ఇక్కడ సెట్టుకు ఉంది. నటులతో, సాంకేతికులతో నెలజీతం మీద ఒప్పందాలు చేసుకోవడం కూడా ఈ పద్ధతిలో భాగమే. ఎన్.టి. రామారావు తొలినాళ్లలో విజయాలో అలా పనిచేసినవారే.

రెండు భాషల్లో తీయడం జెమినీ, ఏవీఎం సంస్థలూ చేశాయి కదా అనవచ్చు. నిజమే, అది మద్రాసు స్టూడియోల ఉమ్మడి విద్య. కానీ దాన్ని ఇంత ఎత్తున అచ్చులోనూ తెర మీదా ఏకకాలంలో నడిపినవారు మరొకరు కనిపించరు. కథల రాకపోకలకూ ఆయన ఎల్లలు పెట్టుకోలేదు. ‘గుండమ్మ కథ’ కన్నడం నుంచి వచ్చింది. తెలుగు ‘రాముడు భీముడు’ కథను తమిళంలో ‘ఎంగ వీట్టు పిళ్లై’ (1965)గా, హిందీలో దిలీప్‌కుమార్‌తో ‘రామ్ ఔర్ శ్యామ్’ (1967)గా నిర్మించారు. రెంటికీ దర్శకుడు తాపీ చాణక్య.

ఇక్కడ కర్నూలు ప్రస్తావన తప్పదు. 1953 అక్టోబరు 1 నుంచి 1956 అక్టోబరు చివరి దాకా కర్నూలు ఆంధ్ర రాష్ట్ర రాజధాని. డేరాల్లో కార్యాలయాలు నడిచిన ఆ కాలంలోనే మద్రాసులో ‘మిస్సమ్మ’ తయారై విడుదలైంది. రాజధాని సీమకు వచ్చింది, సీమవాళ్లు కట్టిన పరిశ్రమ రాలేదు. వచ్చే వీలూ లేదు. నాగిరెడ్డి పద్ధతికి ప్రాణం బహుభాషా నగరం. లేబొరేటరీ, తమిళ నటులు, అనువాదకులు, నాలుగు దిక్కులకూ పత్రికల కట్టలు మోసే రైళ్లు ఒక్కచోట ఉంటేనే అది నడుస్తుంది. అదే దశాబ్దంలో కర్నూలు జిల్లాలో నిలబడిన పాణ్యం సిమెంటు వంటి పరిశ్రమలకు ముడిసరుకు నేలలో ఉంది. నాగిరెడ్డి ముడిసరుకు మనుషుల్లో ఉంది. సీమలో పుట్టిన పెట్టుబడి ఎందుకు వలసపోయిందన్న చర్చలో ఈ తేడాను గుర్తించాలని నా అభిప్రాయం. వలసంతా సొంతగడ్డ మీద నిర్లక్ష్యమే అనడం ఆయన పట్ల అన్యాయం.

1972లో వడపళనిలో విజయా ఆసుపత్రి స్థాపించారు. 1980ల తొలినాళ్లలో తిరుమల తిరుపతి దేవస్థానం అధ్యక్షుడిగా ఉన్నప్పుడు వైకుంఠం క్యూ కాంప్లెక్స్ రూపుదిద్దుకుంది. వేలమంది జనాన్ని క్రమంగా నడిపించే పనిలో స్టూడియో అనుభవం అక్కరకు వచ్చిందని ఊహించవచ్చు.

వడపళని స్టూడియో స్థలంలో ఇవాళ షాపింగ్ మాల్ ఉంది. ఆ చరిత్రను భద్రపరిచే బాధ్యత చెన్నై మీదే వదిలేయడం సరికాదు. జానుమద్ది హనుమచ్ఛాస్త్రి పూనికతో సి.పి. బ్రౌన్ పేరిట గ్రంథాలయం నిలబెట్టుకున్న ఊరు కడప. అక్కడే ‘చందమామ’ వివిధ భాషల సంచికలను నెలల వారీగా పక్కపక్కన పెట్టి చూసే వీలు కల్పించాలి. విజయా చిత్రాల తెలుగు, తమిళ ప్రతులను జంటగా చేర్చాలి. ఉల్లి వర్తక కుటుంబాల పాత ఖాతా పుస్తకాలను, రైలు రవాణా పత్రాలను సేకరించాలి. యోగి వేమన విశ్వవిద్యాలయం చరిత్ర, తెలుగు, వాణిజ్య శాఖలు కలిసి చేపట్టదగ్గ పని ఇది. ఆ ఖాతా పుస్తకాలు ఇంకా ఎవరి అటకల మీదైనా ఉంటే, ముందు వాటితోనే మొదలుపెట్టాలి.