కాగితం మీది టాంకులు: బర్న్స్, సైమండ్స్ వాదం

1939 వేసవి నాటికి కెనడా సైన్యం దగ్గర ఉన్న టాంకులు 16. అన్నీ తేలికపాటివే. పూర్తికాలపు సైనికులు 4,000 మందికి కాస్త ఎక్కువ. మొదటి ప్రపంచ యుద్ధంలో ఆరు లక్షల మందికి పైగా సైన్యంలో చేర్చుకున్న దేశం, ఇరవయ్యేళ్ళు తిరిగేసరికి ఒక పూర్తి డివిజన్ను మైదానంలో నిలబెట్టి విన్యాసం చేయించలేని స్థితికి వచ్చింది. ఆర్థిక మాంద్యంలో సైన్యం మీద ఖర్చు పెట్టే ఉద్దేశం ఏ ప్రభుత్వానికీ లేదు. అటువంటి సైన్యంలో ఆలోచించే అధికారికి మిగిలింది కాగితం ఒక్కటే.

ఆ కాగితం పేరు ‘కెనడియన్ డిఫెన్స్ క్వార్టర్లీ’. 1923 అక్టోబరులో మొదలైన త్రైమాసిక పత్రిక. రాసేవాళ్ళలో ఎక్కువమంది, చదివేవాళ్ళలో దాదాపు అందరూ సైనికాధికారులే. పత్రిక వ్యాసాల పోటీలూ నిర్వహించేది. 1930లలో దీనికి సంపాదకుడు కెన్ స్టువర్ట్. ఇంజనీరు దళానికి చెందిన ఈయన తరువాత, యుద్ధకాలంలో, కెనడా సైన్యానికి జనరల్ స్టాఫ్ అధిపతి అయ్యాడు.

స్టువర్ట్‌కు వ్యాసాలు పంపినవారిలో తరచుగా కనబడే పేరు ఇ. ఎల్. ఎమ్. బర్న్స్. మాంట్రియల్ శివారులోని వెస్ట్‌మౌంట్‌లో 1897లో పుట్టాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో సిగ్నల్స్ అధికారిగా పనిచేసి మిలిటరీ క్రాస్ అందుకున్నాడు. ఆ తరువాత ఏళ్ళ తరబడి పటాలు గీసే విభాగంలో, విమానాల నుంచి తీసిన ఛాయాచిత్రాలతో భూమిని కొలిచే పనిలో గడిపాడు. 1928, 29 సంవత్సరాలలో అతను చదివిన స్టాఫ్ కాలేజీ ఇంగ్లండులోది కాదు, అప్పటి బ్రిటిష్ ఇండియాలోని క్వెట్టాలోది. గుర్రపు దళాన్ని యంత్రాల మీదికి మార్చాలని 1924లోనే క్వార్టర్లీలో రాశాడు. అంతటితో ఆగలేదు, ఆర్లింగ్టన్ బి. కాన్వే అనే మారుపేరుతో, హెచ్. ఎల్. మెంకెన్ నడిపిన ‘అమెరికన్ మెర్క్యురీ’కి కూడా వ్యాసాలు అమ్మేవాడు. సొంత పేరు తోటి అధికారులకు, మారుపేరు బయటి ప్రపంచానికి.

1938 ఏప్రిల్ సంచికలో లెఫ్టినెంట్ కల్నల్ బర్న్స్ వ్యాసం వచ్చింది. దాడి చేయగల డివిజన్ ఎలా ఉండాలన్నది అందులో విషయం. బ్రిటన్ అప్పుడే రూపొందించుకున్న పదాతి డివిజన్‌కు సొంతంగా దాడి చేసే బలం లేదని అతని ఆరోపణ. టాంకులు ఎక్కడో పై అధికారి చేతిలో ఉంటాయి. అవసరమైనప్పుడు అరువు తెచ్చుకోవాలి. అందుకు బదులు ప్రతి డివిజన్‌లోనూ రెండు పదాతి బ్రిగేడ్లు, ఒక టాంకుల బ్రిగేడ్ శాశ్వతంగా ఉండాలన్నాడు.

జూలై సంచికలో దీనికి జవాబు వచ్చింది. రాసినవాడు కెప్టెన్ గై సైమండ్స్, ఫిరంగి దళం. వయసు 35. కింగ్‌స్టన్ సైనిక కళాశాల నుంచి 1925లో పట్టా పుచ్చుకున్నవాడు కాబట్టి యుద్ధం కళ్ళారా చూడలేదు. ఇంగ్లండులోని కాంబర్లీ స్టాఫ్ కాలేజీలో చదువు ముగించుకుని అప్పుడే తిరిగివచ్చాడు. దాడి చేయవలసింది మొత్తం సైన్యం, డివిజన్ తనంతట తాను నిలదొక్కుకుంటే చాలునన్నది అతని వాదం. ఉన్న కాసిని టాంకులను, ఫిరంగులను డివిజన్లకు పంచిపెడితే ఎక్కడా బలం చాలదు. వాటిని పై సేనాపతి తన చేతిలో ఉంచుకుని, నిర్ణాయకమైన చోట ఏ డివిజన్‌కు అవసరమో దానికి అప్పగించాలి.

అక్టోబరులో టాంకులు ఎవరివన్న ప్రశ్నతో బర్న్స్ మళ్ళీ రాశాడు. 1939 జనవరిలో సైమండ్స్ మళ్ళీ బదులిచ్చాడు. తనకంటే రెండు మెట్లు పైనున్న అధికారిని, యుద్ధంలో పతకం పొందినవాడిని, ఒక కెప్టెన్ అచ్చులో ఖండించడం, దానికి సంపాదకుడు చోటివ్వడం చిన్న విషయమేమీ కాదు. పై అధికారి మాటే చివరి మాట అయిన వ్యవస్థలో జరిగింది ఇది. వైద్యులకు అప్పటికే ఇటువంటి వేదిక ఉంది; కెనడా వైద్య సంఘపు పత్రిక 1911 నుంచీ వస్తోంది. అయితే వైద్యుడు తన వాదాన్ని మర్నాడే వార్డులో పరీక్షించుకోవచ్చు. సైనికుడు యుద్ధం వచ్చేదాకా ఆగాలి.

యుద్ధం ఎంతో కాలం ఆగనివ్వలేదు. 1939లోనే వచ్చింది, క్వార్టర్లీ ఆగిపోయింది.

1944 మే 23న ఇటలీలో హిట్లర్ రేఖ మీద దాడి చేసిన ఒకటవ కెనడియన్ కోర్‌కు సేనాపతి బర్న్స్. పదాతి డివిజన్‌కు తోడుగా వెళ్ళినవి బ్రిటిష్ 25వ టాంకు బ్రిగేడ్ టాంకులు, అంటే అరువు టాంకులు! తాను కూడదన్న ఏర్పాటుతోనే అతను యుద్ధం చేయవలసి వచ్చింది. రేఖ ఛేదించారు గాని, కెనడియన్ 2వ పదాతి బ్రిగేడ్ ఒక్కదానిలోనే ఆ రోజు 160 మందికి పైగా చనిపోయారు.

అదే ఏడు ఆగస్టు 7 రాత్రి నార్మండీలో, కాన్ పట్టణానికి దక్షిణాన, రెండవ కెనడియన్ కోర్ సేనాపతి సైమండ్స్ ‘టోటలైజ్’ దాడి మొదలుపెట్టాడు. భారీ బాంబర్లు, చీకట్లో బారులు తీరిన టాంకులు, ఫిరంగులు తీసేసిన వాహనాల ఉక్కు పెట్టెల్లో కూర్చున్న పదాతులు. బలగమంతా ఒకచోట కూర్చి, డివిజన్లకు టాంకు బ్రిగేడ్లను అప్పగించాడు. 1938 వ్యాసంలోని సూత్రమే ఇది. మొదటి రాత్రి అద్భుతంగా సాగింది. మర్నాడు ముందుకు పంపిన కొత్త సాయుధ డివిజన్లు తడబడ్డాయి. కాబట్టి సైమండ్స్ గెలిచాడని, బర్న్స్ ఓడాడని తీర్పు చెప్పడం తొందరపాటే. మరో వంక, రెండు పదాతి బ్రిగేడ్లతో ఒక టాంకు బ్రిగేడ్‌ను కలిపిన మిశ్రమ డివిజన్లను బ్రిటన్ 1942లో స్వయంగా ప్రయత్నించి చూసి, మరుసటి ఏడు విరమించుకుంది.

బర్న్స్‌ను దెబ్బతీసింది అతని వ్యాసంలో ఎక్కడా లేని విషయం. ముఖంలో నవ్వు కనిపించని ఆ మనిషిని సైనికులు వెటకారంగా ‘స్మైలింగ్ సన్‌రే’ అనేవారు. సన్‌రే అంటే వైర్‌లెస్ భాషలో సేనాపతి. అతని నాయకత్వంలోనే ఆ సెప్టెంబరులో కెనడియన్లు గోథిక్ రేఖను ఛేదించినా, కింది డివిజన్ల సేనాపతులకూ, పై అధికారులకూ అతని మీద నమ్మకం కుదరలేదు. నవంబరులో తొలగించారు. మనుషులను వెంట నడిపించే గుణాన్ని ఏ సంపాదకుడూ చేతిరాతలో పట్టుకోలేడు. సైమండ్స్ 1951లో జనరల్ స్టాఫ్ అధిపతి అయ్యాడు.

బర్న్స్ రాయడం మానలేదు. సైన్యంలో మానవ వనరుల వృథా మీద 1956లో ఒక పుస్తకం వేశాడు. అదే ఏడు సూయెజ్ సంక్షోభంలో ఐక్యరాజ్య సమితి ఏర్పరచిన తొలి శాంతిసేనకు అతన్నే సేనాపతిగా నియమించారు. ఆ సేనలో భారత సైనికులూ ఉన్నారు. 1959 డిసెంబరులో అతని నుంచి బాధ్యత అందుకున్నవాడు భారత సైన్యానికి చెందిన లెఫ్టినెంట్ జనరల్ పి. ఎస్. గ్యానీ.