గడ్డి ఎవరిది? – నంద్యాల, ఆళ్లగడ్డ సేద్యంలో ఒక యంత్రచరిత్ర

మన చరిత్రకారులు గింజను లెక్కపెట్టారు, గడ్డిని లెక్కపెట్టలేదు. శిస్తు వేసేవారి చూపు గింజ మీద వుండేది కనుక వారి దస్తావేజులు చదివి చరిత్ర రాసినవారి చూపూ అక్కడే ఆగిపోయింది. కాని ఎద్దు లేనిదే సేద్యం లేదు, మేత లేనిదే ఎద్దు లేదు. కుందూ లోయలో ఉత్పత్తి సంబంధాలు ఎలా మారాయో తెలియాలంటే గింజతోపాటు గడ్డి వెంట కూడా నడవాలి. ఈ వ్యాసంలో నేను చేయదలచినది అదే.

నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతపు నల్లరేగడికి జొన్న, కొర్ర, పత్తి పాత పంటలు. జొన్న వేస్తే మనిషికి రొట్టె, ఎద్దుకు చొప్ప. చొప్ప కాడ లావు. నిలువునా వేస్తే పశువు ఆకు తిని మొదలు వదిలేస్తుంది. తరిగి వేస్తే గాటిలో మిగిలేది తక్కువ. కాబట్టి మేత తరగడం యంత్రంతో పుట్టిన పని కాదు. మొద్దు మీద పెట్టి కత్తితో నరికిన పనినే తరువాత చేతితో తిప్పే చక్రం, ఆపైన కరెంటు మోటారు చేశాయి.

వరిగడ్డి వెనుక వేరే చరిత్ర వుంది. మద్రాసు ఇరిగేషన్ కంపెనీ 1860ల దశకంలో సుంకేసుల వద్ద తుంగభద్రకు ఆనకట్ట కట్టి కర్నూలు–కడప కాలువ తవ్వించింది. అది లాభం కోసం తవ్విన కాలువ. వాన పడిన ఏడు జొన్నకు, పత్తికి నీళ్లు కొనడానికి నల్లరేగడి రైతు ముందుకు రాలేదు. కంపెనీ దెబ్బ తిన్నది; 1882లో ప్రభుత్వం కాలువను కొనుక్కున్నది. ఈ మధ్యలోనే 1876–78 కరువు వచ్చి పోయింది. ఆ కరువు మనిషి ప్రాణంతోపాటు పశువు ప్రాణమూ తీసింది. ఎద్దు చచ్చిన రైతుకు మరుసటి ఏడు వాన కురిసినా దున్నే దారి లేదు. మేత లేకపోవడం ఒక ఏటి కష్టాన్ని అనేక ఏళ్ల అప్పుగా ఎలా మారుస్తుందో ఇక్కడ తెలుస్తుంది. తరువాత కాలంలో కాలువ కింద వరి పెరిగింది. చొప్ప పక్కన వరిగడ్డి కూడా వామిదొడ్డిలోకి చేరింది.

పాతకాలపు కల్లంలో గడ్డికి కూడా వాటాదారులు వుండేవారు. కోసి, కట్టి, మోసి, నూర్చినవారికి గింజల్లో కూలి. పోతూ పోతూ ఒక మోపు గడ్డి. దానిని పెద్దరైతు ధర్మమన్నాడు. కూలి మనిషి హక్కనుకున్నాడు. ఆ రోజులను స్వర్ణయుగమని నేను అనను. ఆ మోపు వెనుక వెట్టి వుంది, కులం వుంది; మోపు ఎత్తుకున్నవాడు తల దించుకుని నిలబడవలసి వచ్చేది. అయినా సెంటు భూమి లేని ఇంట్లో బర్రె బతికింది ఆ మోపు మీదనే. ఆ బర్రె పాలే ఆ ఇంటి ఉప్పూ పప్పూ.

వరికోత యంత్రం వచ్చి ఈ ఏర్పాటును కొద్ది గంటల్లో ముగించింది. కోత, కట్ట, మోత, నూర్పిడి, తూర్పార – ఐదు పనులూ ఒకే యంత్రం కడుపులో ఇమిడిపోయాయి. గింజ ట్రాక్టరులోకి పోతుంది; గడ్డి ముక్కలై, నలిగి చేలో పడుతుంది. దాన్ని పోగు చేయడం చేతులకు గిట్టదు. కనుక రెండవ యంత్రం వచ్చింది: గడ్డిని ఏరి, చుట్టి, దారం కట్టే బేలరు. కట్ట అయిన గడ్డికి వెల వచ్చింది, లారీ వచ్చింది, దళారీ వచ్చాడు. ఆ కట్టను విప్పి ముక్కలు చేయడానికి మూడవ యంత్రం. పాశ్చాత్య దేశాలలో ఇది మరీ స్పష్టం. 1971లో అమెరికాలోని అయోవా రాష్ట్రపు వర్మీర్ కంపెనీ పెద్ద గడ్డిచుట్టలు కట్టే యంత్రాన్ని తెచ్చింది. మనిషి ఎత్తలేని చుట్టలు పెరిగినచోట వాటిని చీల్చి, తరిగి, మేతగానో కొట్టంలో పరుపుగానో వెదజల్లే యంత్రాలూ అవసరమయ్యాయి. ఒక యంత్రం తన తరువాతి యంత్రానికి తానే గిరాకీ పుట్టిస్తుంది. మన దగ్గర కట్ట చిన్నది, మనిషి ఎత్తగలడు. కాని తర్కం అదే.

నిరుడు ఆళ్లగడ్డ దగ్గర ఒక ఊరిలో, కోత అయిన మడి గట్టున కసువు కోసుకుంటున్న ఒక అమ్మను పలకరించాను. “మిషనొచ్చినాక మాకు గడ్డి యాడిది సార్? కట్టలు గట్టి లారీకెత్తుతారు. కొని ఏద్దామంటే పాలదుడ్లు గడ్డికే సరిపోతాండాయి” అన్నది. నా వ్యాసమంతా ఆమె రెండు ముక్కల్లో చెప్పేసింది.

గడ్డిని తరిగి చేలోనే వెదజల్లే పరికరం మరొకటి వుంది. పంజాబులో వరి కోతకూ గోధుమ విత్తుకూ నడుమ వ్యవధి తక్కువ కనుక రైతులు గడ్డి తగలబెట్టసాగారు. ఆ పొగకు విరుగుడుగా 2018లో అక్కడి ప్రభుత్వం కోతయంత్రం వెనుక ఈ పరికరాన్ని తప్పనిసరి చేసింది. నేలలో కలిసిన గడ్డి నేలకు బలం. తగలబెట్టడం కంటె అది నిస్సందేహంగా మేలు. కాని అక్కడి పశువుకు గోధుమగడ్డి వుంది. ఇక్కడి బర్రెకు వరిగడ్డే దిక్కు. అక్కడి విరుగుడును ఆలోచించకుండా ఇక్కడికి తెస్తే నేలకు పెట్టిన ముద్ద బర్రె నోటినుంచి తీసినదవుతుంది.

యంత్రం చేతులనూ అడుగుతుంది. మేత కత్తిరించే యంత్రంలో వేళ్లు పోగొట్టుకున్నవారు, వారిలో పిల్లలు కూడా, మన దేశంలో కొందరు కాదు. ఢిల్లీ ఐఐటీలో దినేశ్ మోహన్, ఆయన సహచరులు ఈ ప్రమాదాలను పరిశీలించి, కత్తికి అడ్డుకట్ట వంటి చవక మార్పులు సూచించారు. నూర్పిడి యంత్రాలను దృష్టిలో పెట్టుకుని 1983లో పార్లమెంటు ప్రమాదకర యంత్రాల చట్టం చేసింది. చట్టం పుస్తకంలో వుంటే చాలదు. గాటిపాటి దాకా రావాలి.

అయితే యంత్రాన్ని పగలగొట్టాలా? ఆ పని జరిగింది. 1830లో ఇంగ్లండులోని కెంట్ ప్రాంతంలో మొదలుపెట్టి వ్యవసాయ కూలీలు నూర్పిడి యంత్రాలను ముక్కలు చేశారు. ఆ యంత్రాలు వారి చలికాలపు పని లాక్కున్నాయి. ప్రభుత్వం 19 మందిని ఉరి తీసింది. వందలమందిని ఆస్ట్రేలియాకు పంపింది. వారి కోపం న్యాయమైనది. కాని యంత్రం ఆగలేదు. ఎండలో నడుము వంచి కోసే పని పోయినందుకు మనం ఏడవనక్కరలేదు కూడా. పోయినది పని ఒక్కటే అయితే వేరే మాట. పనితోపాటు గడ్డి మీది వాటా పోయింది. అదీ అసలు విషయం.

2014–15 నుంచి వ్యవసాయ యంత్రాలను బాడుగకిచ్చే కేంద్రాలకు ప్రభుత్వ సబ్సిడీ వుంది. కాని బేలరు లాగడానికి ట్రాక్టరు కావాలి. సంఘం పేర వచ్చినా ట్రాక్టరు వున్నవాడి చేతికే అది చేరే ప్రమాదం వుంది. కూలి సంఘాలు కూలిరేటుతోపాటు మరొకటి అడగాలి: యంత్రంతో కోసినా, చేతితో కోసినా, ఊరిలో పశువున్న ప్రతి భూమిలేని ఇంటికీ గడ్డిలో వాటా. ఆ కట్టలు కట్టే యంత్రం, తరిగే యంత్రం వారి సంఘం చేతిలో వుండాలి. పూర్వం దయగా దొరికిన మోపు రేపు హక్కుగా దొరకాలి. తల దించుకుని కాదు, లెక్క చూసుకుని ఎత్తుకోవాలి.