సదరం

నస్రుల్లాబాద్‌లో "సదరం అయిందా?" అంటే అర్థం చెప్పక్కర్లేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వైకల్య ధ్రువీకరణకు తెచ్చిన సాఫ్ట్‌వేర్‌ది పొడవాటి ఇంగ్లిష్ పేరు. దాని పొడి అక్షరాలు కలిస్తే సదరెం, జనం నోట సదరం. వాడుకలో క్యాంపూ సదరమే, సర్టిఫికెటూ సదరమే. తర్వాతి ప్రశ్న వైకల్యం లెక్క, "పర్సెంట్ ఎంతొచ్చింది?"

మన దేశంలో 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం నాకున్న కండరాల క్షీణతనూ వైకల్యంగా గుర్తించింది. ఈ జబ్బు మాత్రం ఒక అంకె దగ్గర ఆగదు. నిరుడు కమ్మీ పట్టుకుని ఎక్కిన బస్సు మెట్టు ఈ ఏడు అందదు. గౌరవం మాటకొస్తే, 1990 జులైలో అమెరికాలో వచ్చిన వికలాంగుల హక్కుల చట్టం గుర్తుగా ఆ నెలను ఆత్మగౌరవ మాసంగా జరుపుకుంటారు. ఆ గౌరవం నాకూ కావాలి. పోతున్న బలానికి ఏడుస్తాను, తలెత్తుకునే తిరుగుతాను. రెండూ నావే. ఈసారి క్యాంపులో అంకె పెరుగుతుంది. "అయ్యో" అనకండి, ర్యాంపు ఎటుందో చెప్పండి.