పశువ్యాధుల ఆర్థిక నష్టం: హిందూపురం, పెనుకొండ, ధర్మవరం

పశువులకు అంటురోగం సోకినప్పుడు రైతు కుటుంబం పోగొట్టుకునే పాలు, సేద్యపు పని, దూడలు, సంతలో పడిపోయే ధర, మందుల ఖర్చు అన్నీ కలిస్తేనే ఈ నష్టం. పశువు చనిపోవడం అందులో ఒక భాగం మాత్రమే.

ఈ మూడు పట్టణాలూ 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన శ్రీ సత్యసాయి జిల్లాలో ఉన్నాయి. అంతకుముందు అనంతపురం జిల్లాలో ఉండేవి. ఏడాదికి 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా వాన పడే ఈ ఎర్రనేలల్లో వేరుశనగ పండుతుందన్న భరోసా లేదు. పంట ఎండిన ఏడు చాలా ఇళ్లు గడిచేది పాల డబ్బుతో, గొర్రెల అమ్మకంతో. అందువల్ల ఇక్కడ పశురోగం కరవుకాలపు ఆదాయాన్నే దెబ్బతీస్తుంది.

గాలికుంటు వ్యాధి ఇందుకు సరైన ఉదాహరణ. ఇది పెద్ద పశువులను చంపడం అరుదు. లేత దూడలు మాత్రం గుండె దెబ్బతిని చనిపోతాయి. నోట్లో, గిట్టల మధ్య, చనుకట్ల మీద బొబ్బలు లేవడంతో పశువు మేత ముట్టదు, పాలు పడిపోతాయి, పొదుగువాపు తోడవుతుంది. పూటకు నాలుగు చొప్పున రోజుకు ఎనిమిది లీటర్లిచ్చే ఆవు మూడు లీటర్లకు దిగితే, లీటరు 35 రూపాయల లెక్కన రోజుకు 175, నెలకు 5,250 రూపాయలు పోయినట్టే. దాణా ఖర్చు మాత్రం తగ్గదు. చూడి ఆవులు ఈసుకుపోవచ్చు, ఎదకు రావడం ఆలస్యం కావచ్చు. జబ్బు తగ్గాక కూడా కొన్ని ఎండకు తాళలేక రొప్పుతూనే ఉంటాయి. సంకరజాతి ఆవులకు ఈ బాధ నాటు పశువులకన్నా ఎక్కువ.

విత్తనకాలంలో కాడెద్దు కుంటితే నష్టం పొలానికీ పాకుతుంది. వాన పడ్డాక నేలలో పదును ఉండేది కొద్ది రోజులే. ఆలోగా గొర్రు తోలకపోతే మళ్లీ వానకోసం ఎదురుచూడాలి, లేదా బాడుగకు ట్రాక్టరు తేవాలి.

ముద్దచర్మ వ్యాధి మన దేశంలో 2019లో ఒడిశాలో తొలిసారి కనిపించి, 2022లో అనేక రాష్ట్రాలకు పాకింది. ఈగలు, దోమలు, పిడుదులు దీన్ని వ్యాపింపజేస్తాయి. ఒంటినిండా గడ్డలున్న పశువును సంతలో ఎవరూ కొనరు. కోలుకున్నా మచ్చలు ధరను తగ్గిస్తాయి. రోగాన్ని ఆపేందుకు సంతలు మూయడం సరైన చర్యే. అయితే అప్పు తీర్చడానికి పశువును అమ్ముకోవాలనుకున్న రైతుకు, తన మందలో రోగం లేకపోయినా, ఆ దారి మూసుకుపోతుంది. గొర్రెలు, మేకలకు వచ్చే నీలినాలుక, పిపిఆర్ వ్యాధులు కాపరుల కుటుంబాలను ఇలాగే దెబ్బతీస్తాయి.

2019లో మొదలైన జాతీయ పశువ్యాధి నియంత్రణ కార్యక్రమం కింద గాలికుంటు టీకా ఆరు నెలలకోసారి ఉచితంగా వేస్తారు. 2022 మే నెల నుంచి రాష్ట్రంలో సంచార పశువైద్య వాహనాలు తిరుగుతున్నాయి. 1962కు ఫోన్ చేస్తే ఊరికే వస్తాయి. మేత కోసం ఊళ్లు మారే మందలకు టీకా సమయానికి అందించడం కష్టం, కాబట్టి అక్కడే ఎక్కువ శ్రద్ధ పెట్టాలి.

రాష్ట్ర ప్రభుత్వం 2019లో తెచ్చిన పశునష్ట పరిహార పథకంలో చనిపోయిన మేలుజాతి పశువుకు 30,000, నాటు పశువుకు 15,000, గొర్రె లేదా మేకకు 6,000 రూపాయలు నిర్ణయించారు. పశుబీమా కూడా ప్రధానంగా మరణానికే వర్తిస్తుంది. బతికి బయటపడిన ఆవు ఇవ్వని పాలకు, ఎద్దు నిలిచిపోయి దాటిపోయిన పదునుకు వీటిలో పరిహారం లేదు.