పాత తుపాకి వెల

కొలిమిగుండ్ల పేరులోనే కొలిమి ఉన్నది. ఆ ఊరును, దానికి చేరువనున్న అవుకు, కోవెలకుంట్ల, ఉయ్యాలవాడలును ఒకప్పటి పాలెగాండ్ర సీమలోనివి. 2022లో ఏర్పడిన నంద్యాల జిల్లాలో నేడు చేరియున్నవి. ఆయుధము ఇంటి గౌరవముగా చెల్లిన ఇట్టి సీమలో తాతలనాటి తుపాకి బయటపడినప్పుడు మొదట వినవచ్చు ప్రశ్న "దీని వెల ఎంత?" అనునదియే. ఇనుమును, కొయ్యను తూచి దానికి జవాబు చెప్పుటకు వీలులేదు. పాత తుపాకి వెలను దాని పనితనముకంటె చట్టమే ఎక్కువగా నిర్ణయించును. అది ఎట్లో విచారింతము.

1800లో నిజాము ఈ జిల్లాలను ఈస్టిండియా కంపెనీకి దత్తము చేసెను. 1807 వఱకు ఇచ్చట ప్రధాన కలెక్టరుగానున్న థామస్ మన్రో పాలెగాండ్ర బలగములను అణచి, పలువురిని భరణము పుచ్చుకొనువారినిగా మార్చెను. ఆ భరణపు తగవుతో మొదలైన తిరుగుబాటులోనే ఉయ్యాలవాడ నరసింహారెడ్డి 1846 జూలైలో కోవెలకుంట్ల ఖజానాపై దాడి చేసెను. 1847 ఫిబ్రవరి 22న అచ్చటనే ఆయనను ఉరితీసిరి. ఆనాటి తుపాకులలో మందును, గుండును గొట్టపు మూతినుండి దట్టించుటయే వాడుక. ఒకసారి పేలిన పిమ్మట మఱల దట్టించువఱకు తుపాకి దుడ్డుకఱ్ఱతో సమానము.

ఈ లోటును తీర్చిన వానిలో లీవరు రైఫిలు ఒకటి. 1860లో అమెరికాలో బెంజమిన్ హెన్రీ దీనికి పేటెంటు పొందెను. క్రిందనున్న మీటను ముందుకు త్రోసి వెనుకకు లాగినచో కాలిన గుల్ల బయటపడి, క్రొత్త తూటా లోపలికి చేరును. ఇట్లు పదునారు తూటాలు వరుసగా పేల్చవచ్చును. పిదప వించెస్టరు కంపెనీవారు 1873 నాటి నమూనాను ఏడు లక్షలకు పైగాను, జాన్ బ్రౌనింగు కూర్చిన 1894 నాటి నమూనాను డెబ్బది లక్షలకు పైగాను తయారుచేసిరి.

వాడిన రైఫిలునకు వెలకట్టువాడు మొదట గొట్టము లోపలి మరచుట్లు అరిగినవా, త్రుప్పు తినినవా అని చూచును. మీట వదులైనదా, కొయ్య పగిలినదా అని పరీక్షించును. మేనిమీది సంఖ్యనుబట్టి తయారైన కాలమును తెలిసికొనును. ఈ సంఖ్యకు ఎంత విలువయో ఒక్క ఉదాహరణము చాలును. 1964లో వించెస్టరువారు ఖర్చు తగ్గింపునకై 1894 నమూనా తయారీ పద్ధతులను మార్చిరి. నాటినుండి అంతకు ముందటి రైఫిళ్లకే కొనువారు హెచ్చు ధర ఇచ్చుచున్నారు. మఱియొక సంగతి. పాత తుపాకిని గరుకు కాగితముతో తోమి తళతళలాడించిన గృహస్థు దాని వెలను తన చేతులతోనే తగ్గించుకొనినవాడగును. సేకరించువారు కోరునది మెఱుపు కాదు, మొదటి పూత. ఇక తూటా దొరకని తుపాకికి వాడుకవెల ఉండదు. చరిత్రవెల మాత్రమే మిగులును.

ఇంతవఱకు అమెరికా లెక్క. అది కొలిమిగుండ్లలో చెల్లదు. 1878లో లిట్టను ప్రభువు తెచ్చిన ఆయుధ చట్టము లైసెన్సు లేక తుపాకి ఉంచుకొనుట నేరమని దేశమంతటను విధించెను. తెల్లవారికి మాత్రము మినహాయింపులిచ్చెను. స్వతంత్ర భారతము దానిని తొలగించి 1959లో క్రొత్త చట్టము చేసికొనెను. అది 1962లో అమలునకు వచ్చెను. దాని ప్రకారము సొంత తుపాకిని అమ్మదలచినవాడు జిల్లా మేజిస్ట్రేటునకో, సమీప పోలీసు ఠాణాకో వ్రాతపూర్వకముగా తెలిపి 45 దినములు ఆగవలెను. కొనువానికి లైసెన్సు ఉండవలెను. 2019 సవరణ ఒక్కొక్కరికి మూడు తుపాకుల పరిమితిని రెండుకు దించెను. వారసత్వపు తుపాకులును ఈ లెక్కలోనివే. కొనదగినవారు తగ్గిన కొలది ధరయు తగ్గుట సహజము. మంచి ధర పలుకు దేశమునకు పంపుదమన్న, నూఱేండ్లు నిండిన వస్తువు 1972 నాటి పురావస్తు చట్టము క్రిందికి వచ్చును. దానిని సొంతముగా ఎగుమతి చేయుటకు వీలులేదు.

కావున ఇంటి పెద్ద మరణించి లైసెన్సు ముగిసిన కుటుంబమునకు ధరకంటె గడువు ముఖ్యము. తుపాకిని జాగు చేయక పోలీసు ఠాణాలోనో, లైసెన్సుగల వ్యాపారివద్దనో ఉంచి రసీదు పుచ్చుకొనవలెను. వారసుడు తన పేర లైసెన్సు కోరవచ్చును. లేదా అర్హుడైనవానికి అమ్ముకొనవచ్చును. నిర్ణీత గడువులో ఈ రెండింటిలో ఏదియు జరుగకున్న తుపాకి ప్రభుత్వపరమగును, కుటుంబమునకు దక్కు వెల సున్న. బాగుచేసినను పేలని ప్రాచీన ఆయుధమునకు మాత్రము ఈ చట్టము వర్తింపదు. అయినను, పేలునో పేలదో ఇంటిలో తేల్చుకొనదగిన విషయము కాదు. దానిని అధికారులకు చూపి వ్రాతమూలకముగా నిర్ణయము పొందవలెను. అటకమీది తుపాకిని దించువారు దాని ధరను అడుగుటకు ముందు లైసెన్సు కాగితమును వెదకుట మేలు.