జపాను నవలలలో మాఱుమొగములు

జపాను దేశమున 1868వ సంవత్సరమున షోగునుల యేలుబడి యంతరించి మెయిజీ చక్రవర్తి ప్రభుత్వము నెలకొనెను. అంతకుముందు మనుష్యుని యంతస్తు పుట్టుకతోడనే నిర్ణయమై యుండెడిది. సమురాయి కొడుకు సమురాయి, కాపు కొడుకు కాపు. తా నెవ్వడని ప్రశ్నించుకొనవలసిన యక్కఱ యెవ్వరికిని అంతగా లేకుండెను. క్రొత్త ప్రభుత్వము ఆ కట్టుబాట్లను సడలించినది. బడులు, పరీక్షలు, కచేరి యుద్యోగములు వచ్చినవి. లోపలి మనుష్యు డొకడును, పైకి కనబడువాడు వేఱొకడును కావలసిన యవస్థ అప్పుడే ప్రబలినదని నా యభిప్రాయము.

ఫుతబతేయి షిమేయి 1887లో ప్రకటింప నారంభించిన ‘ఉకిగుమొ’ యను నవలలో బుంజో యను యువకుడు పైయధికారుల మెప్పు సంపాదింపనేరక గుమాస్తా పనిని పోగొట్టుకొనును. ఇచ్చకములాడు స్నేహితుడు పైకి వచ్చును. పినతల్లి యాదరము తఱుగును. పెండ్లాడ దలచిన పిల్ల ఆ స్నేహితునివైపు మొగ్గును. మాఱుమొగము లేనివానికి చోటు లేదనుట యీ కథ. గ్రంథకర్త దానిని ముగింపలేదు.

అంతకంటె కఠినమైన కథ షిమజాకి తోసొన్ వ్రాసినది. తోళ్లపని, పశువధ మొదలగు వృత్తులవారిని జపానులో అపవిత్రులని వెలివేసి వేఱు పల్లెలలో నుంచెడివారు. 1871లో ప్రభుత్వము ఆ హీననామమును రద్దుచేసి వారిని సామాన్యజనులతో సమానులని శాసించెను. వెంటనే లోకము వారికి ‘క్రొత్త సామాన్యులు’ అను పేరు పెట్టెను! మచ్చ పోలేదు, మచ్చకు పేరు మాఱినది. తోసొన్ 1906లో సొంత ఖర్చుతో నచ్చొత్తించిన ‘హకయి’ నవలలో ఉషిమత్సు ఆ కులమువాడు. కొండప్రాంతమున ఇయియామ యను నూర ఉపాధ్యాయుడు. ఎవ్వరికిని ఎన్నడును నీ పుట్టుక చెప్పవలదని తండ్రి యానతి. ఆ తండ్రి పశువులను కాచుకొనుచు కొండలలో కాలము గడపినది కొడుకు గుట్టు బయటపడకుండుటకే. కథారంభముననే ఆ కులపు ధనికు నొకనిని బసనుండి వెడలగొట్టగా, ఉషిమత్సు బెదరి తన బసను ఒక బౌద్ధాలయమునకు మార్చుకొనును. తన కులమును బాహాటముగా చెప్పుకొని గ్రంథములు వ్రాసిన రెంతారో నొకనికైన నిజము చెప్పవలెనని పలుమాఱులు ప్రయత్నించును, నోరు రాదు. రెంతారో హతుడైన పిమ్మట తరగతిలో పిల్లలయెదుట పుట్టుక చెప్పి, ఇంతకాలము దాచినందుకు మోకరిల్లి క్షమాపణ వేడుకొనును.

ఈ మోకరిల్లుట చదివినప్పుడెల్ల నాకు మనసు చివుక్కుమనును. ఎవ్వరు ఎవ్వరిని క్షమాపణ వేడవలసినది? పదునాఱేండ్లకు, 1922లో, ఆ జనులే క్యోటోలో సూయిహెయిషా యను సంఘమును స్థాపించి, తమ పుట్టుకకు తాము గర్వపడుదుమని చాటిరి. నవలకే యొక మాఱుమొగము తటస్థించుట వింత: 1939లో మాటలు మార్చిన ప్రతి వెలువడెను, 1953లో గాని మొదటి పాఠము మరల రాలేదు.

నత్సుమె సోసెకి 1914లో వ్రాసిన ‘కొకొరో’లో గుట్టు ఇంటిలోపలికి వచ్చినది. ‘గురువుగారు’ అని మాత్రమే పిలువబడు నొకడు యౌవనమున మిత్రుని వంచించి, అతడు వలచిన కన్యను తాను కోరి వరించెను; మిత్రు డాత్మహత్య చేసికొనెను. ఆ సంగతి భార్యకు జీవితాంతము చెప్పలేదు. చావబోవుచు నొక యువకునికి సమస్తము వ్రాసి, ఆమె బ్రదికి యున్నంతకాలము ఆమెకు తెలియనీయవద్దని కోరెను. ఆమె మనసు కళంకపడకుండుటకట! భర్త యేల యెడమొగము పెట్టుచున్నాడో తెలియక కుమిలిన యిల్లాలికి ఆ దయకంటె నిజము మేలు కాదా?

దజాయి ఒసాము 1948లో వ్రాసిన ‘నింగెన్ షిక్కకు’లో మనుష్యులనిన భయపడు బాలుడు నవ్వించుటనే కవచముగా ధరించును. ఒకనాడు కసరత్తు చేయుచు పడిపోగా అందఱును నవ్విరి. తెలివితక్కువవాడని పేరుపడిన తోడివా డొకడు మాత్రము, కావలెననియే పడితివని చెవిలో ననెను.

అబె కోబొ 1964లో రచించిన ‘తనిన్ నో కావొ’లో ప్రయోగశాలలో మొగము కాలిపోయిన శాస్త్రజ్ఞుడు నిజముగనే యొక కృత్రిమ ముఖము చేసికొనును. దానిని తొడిగి పరపురుషునివలె తన భార్యనే వలపించి, ఆమె లొంగినదని క్రోధపడును. తుదకు సంగతియంతయు వ్రాసిన పుస్తకములను ఆమె చేతి కందునట్లు చేయును. ఆమె యొక యుత్తరము వ్రాసిపెట్టి వెడలిపోవును. మొదటినుండియు అతడేయని తాను గుర్తించితిననియు, తాను గుర్తించినట్లు అతనికిని తెలియుననియే యనుకొంటిననియు అందులో నుండెను.